కొమ్ములంక బస్సు

మేనేజరు సుబ్బరాజు గారు కుర్చీ చూపించి కూర్చోమన్నప్పుడే ఎలిజబెత్‌కి అనుమానం వచ్చింది. రొయ్యల కంపెనీలో చేరి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఆ గదిలోకి నాలుగుసార్లు పిలిచారు, నాలుగుసార్లూ తిట్టడానికే. నిలబెట్టి తిట్టారు గాని కూర్చోబెట్టి టీ తెప్పించింది లేదు. తిట్టే మనిషి టీ ఇచ్చాడంటే దాని వెనకాల ఏదో ఉండే ఉంటుంది. అందుకని ఆమె కూర్చోలేదు. టీ మాత్రం తాగింది. పారబోస్తే పాపం కదా.

ఎలిజబెత్ అనుమానం ఇవాళ్టిది కాదు. కూరగాయలవాడు కొసరు వేస్తే తూకంలో ఎక్కడ కొట్టాడోనని మళ్లీ తూయిస్తుంది. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు బాగున్నారా అమ్మా అని వరసగా రెండు ఆదివారాలు అడిగితే, కానుక పెంచమంటారేమోనని మూడో ఆదివారం పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చేసింది. మొగుడు పాపారావు చేపల చెరువు కాపలా నుంచి పెందలాడే ఇంటికొస్తే, ముందు నోటి వాసన చూశాకే చెంబుతో నీళ్లిస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు గాని, ఆ భూతమే తన సంసారాన్ని కాపాడుకొస్తోందని ఆవిడ నమ్మకం. చెప్పొద్దూ, చాలాసార్లు అది నిజమే అయింది కూడా.

సుబ్బరాజు గారు విషయం మెల్లగా విప్పారు. మన దేశానికీ ఇంగ్లండుకీ వ్యాపార ఒప్పందం కుదిరింది. సంతకాలు అయిపోయాయి. ఇక అక్కడి పార్లమెంటు సరేననాలి. అంటే మన రొయ్య అక్కడి రేవులో దిగినప్పుడు వేసే సుంకం ఎత్తేస్తారు. ఆ దేశంలో దీన్ని వద్దనేవాళ్లూ ఉన్నారు, కావాలనేవాళ్లూ ఉన్నారు. కావాలనేవాళ్లలో రొయ్యలు కొనే ఒక పెద్ద కంపెనీ మనుషులు ఇద్దరు గురువారం ఇక్కడికి వస్తున్నారు. షెడ్డు చూస్తారు, పనివాళ్లతో మాట్లాడతారు, వెళ్లి తమ పార్లమెంటు సభ్యులకు చెబుతారు. పనివాళ్ల తరఫున ఎలిజబెత్ నాలుగు ముక్కలు మాట్లాడాలి.

"నేనెందుకండీ?" అంది ఎలిజబెత్.

"నీ పేరు వింటేనే వాళ్లు సగం ఒప్పేసుకుంటారమ్మా. వాళ్ల రాణిగారి పేరు కదా," అని ఆయన నవ్వారు.

ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు. తన పేరు రాణిగారిని చూసి పెట్టింది కాదు. మిషన్ ఆసుపత్రిలో తనకు బొడ్డు కోసిన నర్సమ్మ పేరది. ఆ సంగతి చెబుదామనుకుంది గాని, అంతలోనే ఆయన నవ్వు ఆపి అసలు మాట బయటపెట్టారు. అమెరికావాడు సుంకం పెంచేసిన దగ్గర్నుంచి ఆర్డర్లు పడిపోయాయి. వారానికి ఆరు రోజులుండే పని నాలుగు రోజులకు దిగింది. నెలాఖరు నుంచి కొమ్ములంక బస్సు ఆపెయ్యమని పైనుంచి మాట వచ్చింది. ఇంగ్లండు ఆర్డర్లు వస్తాయని నమ్మకం కుదిరితే మాత్రం ఆపక్కర్లేదు.

కొమ్ములంక ఎలిజబెత్ వాళ్ల ఊరు, కొల్లేటి అంచున ఉంటుంది. చుట్టూ చెరువులు, మధ్యలో గట్టు, గట్టు మీద ఇళ్లు. ఆర్టీసీ బస్సు రాదు. భీమడోలు దాటి హైవే మీద ఉన్న కంపెనీకి ఆటోలో పోయిరావాలంటే సగం కూలి ఆటోకే సరి. తెల్లారగట్ల కంపెనీ బస్సు వస్తుంది కాబట్టే ఊళ్లో ఎలిజబెత్‌తో కలిపి ఇరవై మంది ఆడవాళ్లు రొయ్యలు వలిచి ఇల్లు గడుపుకుంటున్నారు. మిగతా పంతొమ్మిది మందినీ పోగుచేసి, బస్సెక్కించి, పని నేర్పింది ఎలిజబెత్. ఇరవైకి ఒక్కరు తగ్గినా బస్సు పంపరని కంపెనీ రూలు. అందుకే ఆమె రోజూ గట్టు మీద నిలబడి తలలు లెక్కపెడుతుంది.

"మాట్లాడతానండి," అంది. అని గదిలోంచి బయటికి వచ్చాక, ఇందులో నాకు తెలియకుండా ఏముందో అని మళ్లీ మొదలుపెట్టింది.

క్వాలిటీ చూసే అమ్మాయి జాయ్సీ ఆ నాలుగు ముక్కలూ తెలుగులో కాగితం మీద రాసిచ్చింది. జాయ్సీ భీమడోలు పిల్ల, డిగ్రీ చదువుకుంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, భీమడోలు దాకా ఇదే బస్సులో వస్తుంది. సాయంత్రం బస్సులో ఎలిజబెత్ ఆ కాగితం అందరికీ చదివి వినిపించింది. సుంకం పోతే మన రొయ్య అక్కడ చవకవుతుంది, చవకైతే ఎక్కువ కొంటారు. వియత్నాం రొయ్యకు అక్కడ ఇప్పటికే సుంకం లేదు, మనకు మాత్రం ఉంటే మన సరుకు ఎవడు కొంటాడు. అమెరికా ఒక్కటే గుమ్మం అనుకుంటే, వాడు తలుపేసిన రోజు మనం వీధిన పడతాం, కాబట్టి రెండో గుమ్మం ఉండాలి. ఇక నాలుగోది, ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది.

బస్సంతా ఒక్కసారి లేచింది. మరి సుంకం పోయి మిగిలిన డబ్బు ఎవరి జేబులో పడుతుందని బేబీరాణి అడిగింది. లాభం లేనిదే శెట్టి వరదన పోడు కదా, వాళ్లు మనకు ఊరికే ఇస్తారా, బదులుగా ఏం దింపుతారని ఇంకొకావిడ అడిగింది. కార్లు, విస్కీ అని జాయ్సీ చెప్పింది. విస్కీ అంటే సారాయే కదా అని ఎవరో అనేసరికి అందరూ పాపారావుని తలుచుకుని ఎలిజబెత్ వంక చూసి నవ్వారు. ఎలిజబెత్ కూడా నవ్వింది. కాని ఆ నవ్వుల మధ్యలో కాగితాన్ని తిరగేసి బోర్లేసి చూస్తూనే ఉంది. మొదటి మూడు మాటల్లోనూ ఎంత వెతికినా వంక దొరకలేదు. ఊళ్లో ఒక్క కిరాణా కొట్టే ఉన్న రోజుల్లో ఆ కొట్టువాడు పాడిందే పాట, రెండో కొట్టు పెట్టాకే వాడి తక్కెడ తిన్నగా తూగింది. ఇదీ అంతే. నాలుగో మాట దగ్గరే ఆమె మనసు ఆగింది. ఏడాది పొడవునా పని అని రాశారు, ఎవరికో రాయలేదు.

బస్సులో చివరి సీటులో కూర్చుని నవ్వని మనిషి ఒకతి ఉంది. పేరు మంగ. కొమ్ములంక కోడలు, పాతికేళ్లు ఉంటాయేమో. పెళ్లికి ముందు తాడేపల్లిగూడెం అవతల ఇంకో రొయ్యల కంపెనీలో చేసింది. మూడు వారాల కిందట ఒకామె పని మానేస్తే, ఆ ఖాళీలో మంగని బస్సెక్కించింది ఎలిజబెత్తే. ఎక్కించిన మర్నాటి నుంచే అనుమానపడటం మొదలుపెట్టింది. గూడెం కంపెనీ ఎందుకు మానేసిందో తిన్నగా చెప్పదు. మాటకు ముందు అండీ, మాట తర్వాత అండీ, మధ్యలో ఏమీ ఉండదు. మూల నిలబడి అందరి చేతుల్లోకీ చూస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎలిజబెత్ మందు వద్దంది.

ఆ మందు సంగతి చెప్పాలి. కంపెనీ గ్లవ్స్ ఇస్తుంది. కాని గ్లవ్స్ వేసుకుంటే రొయ్య పొట్టు గోటికి అందదు, దాని వీపు మీది నల్ల నరం జారిపోతుంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు. అందుకని ఆడవాళ్లు బొటనవేలి దగ్గరా చూపుడువేలి దగ్గరా గ్లవ్స్ కొసలు కత్తిరించేసుకుంటారు. చూసేవాళ్లకు గ్లవ్స్ ఉన్నట్టే ఉంటుంది, పని చేసేది మాత్రం ఉత్త వేళ్లు. ఐసు నీళ్లూ రొయ్య ముల్లూ కలిసి ఆ రెండు వేళ్ల కొసల్ని గీరి పుళ్లు చేస్తాయి. దానికి ఎలిజబెత్ భీమడోలు ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఒక ఆయింట్‌మెంటు తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి, పాత తలనొప్పి మందు డబ్బాలో పెట్టి తెస్తుంది. షెడ్డులోకి వెళ్లేముందు క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచాలి. ముంచకముందు రాస్తే మందంతా ఆ నీళ్లకే పోతుంది. అందుకని ముంచాక, బట్టలు మార్చుకునే గది తలుపు వెనకాల నిలబడి, ఒక్కొక్కరి వేలికీ ఎలిజబెత్ స్వయంగా రాస్తుంది. మంగ తప్ప మిగతా పద్దెనిమిది మందీ వరసగా వేళ్లు చాపుతారు. అదంటే ఆమెకి గొప్ప తృప్తి.

మంగ మాత్రం, "నాకొద్దండి పిన్నిగారూ," అంది. ఒకసారి, "అదేం మందండీ?" అని కూడా అడిగింది. నీకెందుకమ్మా, పూసుకునేదానివా పుచ్చుకునేదానివా, అంది ఎలిజబెత్.

మంగళవారం పొద్దున్న షెడ్డుకి గొళ్లెం పడింది. ఎలిజబెత్ టేబుల్ మీద వలిచిన సరుకు ల్యాబు పరీక్షలో తప్పింది. మనుషులకు వాడే యాంటీబయాటిక్ మందు అందులో తేలింది. చెరువు దగ్గర తీసిన శాంపిల్‌లో లేదు, కాబట్టి మందు షెడ్డులోనే పడింది. ఇంగ్లండులో ఒప్పందం వద్దనేవాళ్లు చెప్పే మొదటి మాటే ఇదని, అక్కడి నుంచి మందుల రొయ్య వస్తుందని అంటున్నారని, గురువారం లోపు ఇది ఎవరి పనో తేలకపోతే కొమ్ములంక బస్సు మాట మరిచిపొమ్మని సుబ్బరాజు గారు మెల్లగా, ఒక్కో మాటే చెప్పారు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

అరక్షణం కూడా పట్టలేదు ఎలిజబెత్‌కి. మూడు వారాలుగా కూడబెట్టుకున్న అనుమానమంతా అక్కడ కుమ్మరించింది. కొత్తగా వచ్చిందండి, ఎందుకు మానేసిందో చెప్పదండి, మాతో కలవదండి, అందరి చేతులూ చూస్తుందండి, గూడెం కంపెనీవాళ్లే పంపారేమోనండి అంది. జాయ్సీ అందరి సంచులూ వెతికింది. ఎలిజబెత్ ఆ టేబుల్‌కి మేస్త్రి కాబట్టి పక్కన నిలబడి వెతికించింది. ఆమె సంచీ ఎవరూ అడగలేదు. మంగ సంచీలో, టిఫిను డబ్బా కింద, రుమాల్లో చుట్టిన ఖాళీ ట్యూబు ఒకటి దొరికింది. పూర్తిగా నలిగి, చుట్టచుట్టుకుపోయి ఉంది.

"నాది కాదండి. చెత్తబుట్టలోంచి తీశాను," అంది మంగ.

చెత్తబుట్టలోంచి ట్యూబు ఎందుకు తీస్తావని సుబ్బరాజు గారు అడిగారు. మంగ ఎలిజబెత్ వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల దించుకుని, చెప్పులేసుకుని, గేటు దాటి హైవే మీదికి వెళ్లిపోయింది. తన అనుమానం నిజమైందన్న సంతోషంలో ఎలిజబెత్ ఆ చూపునీ పట్టించుకోలేదు, ఆ ట్యూబునీ సరిగ్గా చూడలేదు.

సాయంత్రం బస్సులో జాయ్సీ అందరికీ మేనేజరు గారి హెచ్చరిక చెప్పింది. పేరు చదవడం రాకపోయినా ఫరవాలేదట. మందు పెట్టె మీదగాని ట్యూబు మీదగాని నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. అలాంటిది ఇకమీదట షెడ్డు ఛాయలకు తేకూడదు. మంగ దగ్గర దొరికిన ట్యూబుకీ ఆ ఎర్ర గీత ఉందట.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎలిజబెత్ చెయ్యి ఒళ్లో ఉన్న సంచీ మీదికి పోయింది. అందులో డబ్బా ఉంది. డబ్బా మీద ఏ గీతా లేదు. హమ్మయ్య అనుకుంది. ఇల్లు చేరి పొయ్యి వెలిగించి అన్నం పడేశాక, గూట్లో దాచిన కొత్త ట్యూబు తీసి దీపం దగ్గర పెట్టి చూసింది. పైనుంచి కింద దాకా, కత్తితో గీసినట్టు, ఎర్ర గీత ఉంది.

అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. గడిచిన వారం తలుపు వెనకాల మందు అయిపోతే, ట్యూబు పిండి పిండి ఆ చెత్తబుట్టలోనే పారేసింది తను. మంగ అది తీసి దాచింది. ఎందుకు దాచిందో ఇప్పుడు అర్థమైంది. ఎవరికి చూపించాలో తెలియక దాచింది. చూపిస్తే బస్సెక్కించిన మనిషి పోతుంది, చూపించకపోతే సరుకు పోతుంది. ఇవాళ సంచీ వెతికినప్పుడు కూడా ఒక్క మాట, పిన్నిగారిదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎలిజబెత్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పదకొండేళ్లుగా అందరినీ అనుమానించింది గాని, తన చేతిని తాను ఒక్కసారి అనుమానించలేదు.

పాపారావు అంతా విన్నాడు. అతను మెతక మనిషి, సలహాలిచ్చే అలవాటు లేదు. "గురువారం వెళ్లిపోనియ్యి. వాళ్లు పోయాక మంగకి నెమ్మదిగా ఏదో ఒకటి చేద్దాం. ఇరవై ఇళ్ల పొయ్యిలు," అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది. బుధవారం పొద్దున్న మంగ ఖాళీలో వీరదుర్గ అనే అమ్మాయిని బస్సెక్కించింది. ఒక్క పూటలో ఇరవై నిండిపోయింది. మంగ ఇంటి ముందునుంచి బస్సు పోతున్నప్పుడు ఎలిజబెత్ అటువైపు చూడలేదు.

గురువారం షెడ్డు పెళ్లిపందిరిలా ఉంది. ద్వారకా తిరుమల ప్రసాదం తెప్పించారు. అందరికీ కొత్త టోపీలు, కొత్త ఏప్రాన్లు, కొత్త గ్లవ్స్. కొసలు కత్తిరిస్తే ఊరుకునేది లేదని ముందే చెప్పారు. ఆ నిండు గ్లవ్స్‌తో ఆడవాళ్లు రొయ్యని పట్టుకోలేక జార్చేస్తుంటే, వచ్చిన దొరగారూ దొరసానీ నవ్వుతూ తలలూపారు. దొరసాని పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని ఉంది. ఎలిజబెత్‌కి కుర్చీ వేశారు. ఈసారి కూర్చుంది. నడుము దగ్గర కొంగులో డబ్బా ముడి వేసుకుని ఉంది. చెప్పడానికి తెచ్చిందో, కాలవలో పారెయ్యడానికి తెచ్చిందో అప్పటికింకా ఆమెకే తెలియదు.

మొదటి మూడు ముక్కలూ తడుముకోకుండా చెప్పింది. రెండో కిరాణా కొట్టు కథ కూడా కలిపి చెప్పింది. జాయ్సీ ఇంగ్లీషులో చెప్పగానే దొరగారు ఫక్కున నవ్వారు. సుబ్బరాజు గారి మొహం విప్పారింది. అప్పుడు దొరసాని పుస్తకంలోంచి తలెత్తి ఏదో అడిగింది. జాయ్సీ దాన్ని తెలుగులో చెప్పింది.

"మా దేశంలో ఈ ఒప్పందం వద్దనేవాళ్లు ఇక్కడి రొయ్యలో మందులుంటాయని అంటున్నారు, వాళ్లకి మీరేం చెబుతారు అని అడుగుతున్నారు ఆంటీ."

సుబ్బరాజు గారు ఎలిజబెత్ వంకే చూస్తున్నారు. లేదండి అంటే చాలు. రెండు మాటలు. బస్సు నిలుస్తుంది. ఎలిజబెత్ పంతొమ్మిది మొహాల వంక చూసింది. ఆ వరసలో కొసన వీరదుర్గ, ఏమీ తెలియని పిల్ల, కొత్త గ్లవ్స్ చూసుకుని మురిసిపోతూ నిలబడి ఉంది. ఎలిజబెత్ లేచి, కొంగు ముడి విప్పి, డబ్బా తీసి ప్రసాదం పళ్లెం పక్కన పెట్టింది.

"ఉందండి. ఈ మంగళవారం మా సరుకులో దొరికింది. చెరువులోంచి రాలేదండి, నా చేతిలోంచి వచ్చింది. కిలోల లెక్క కూలి కాబట్టి గ్లవ్స్ కొసలు కోసేసుకుంటామండి. వేళ్లు పుళ్లు పడతాయి. నేనే ఈ మందు తెచ్చి అందరికీ రాశాను. మంగ అనే అమ్మాయి రాయించుకోలేదు. నేరం దాని మీద వేసి నేనే గేటు బయటికి పంపించాను."

జాయ్సీ మొహం పాలిపోయింది. సుబ్బరాజు గారి వంక ఒకసారి చూసి, నేల చూపులు చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. చిన్నగా, రెండు ముక్కలు. దొరగారు సరే సరే అన్నట్టు తలూపారు.

ఎలిజబెత్‌కి ఇంగ్లీషు రాదు. కాని పదకొండేళ్లు తూకం దగ్గర నిలబడిన మనిషి. తను పోసింది ఎంతో, అవతల పడింది ఎంతో తెలుసు. "జాయ్సీ, ఏ భాషలో చెప్పినా పేరు పేరే కదమ్మా," అంది. "మంగ పేరు నాకు వినపడలేదు. మళ్లీ చెప్పు."

జాయ్సీ మళ్లీ సుబ్బరాజు గారి వంకే చూసింది. ఎలిజబెత్ కుర్చీ వెనక్కి జరిపి, దొరసాని ముందుకు వెళ్లి నిలబడి, తన వేళ్లు చూపించింది. పచ్చి పుళ్లు. మంగ, మంగ, అని రెండుసార్లు అంది. దొరసాని ఆ వేళ్లూ ఆ డబ్బా చూసి, జాయ్సీని నెమ్మదిగా ఏదో అడిగింది. జాయ్సీ కళ్లనీళ్లు పెట్టుకుని అప్పుడు మొత్తం చెప్పింది. ఈసారి చాలాసేపు పట్టింది. ఇంగ్లీషు మాటల మధ్యలో మంగ పేరు నాలుగుసార్లు వచ్చింది. ఎలిజబెత్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇంకొక్క మాట కూడా చెప్పమ్మా," అంది. "మమ్మల్ని నమ్మి కొనొద్దను. అనుమానంగానే కొనమను. ఇవాళ వీళ్లొస్తారని కొత్త గ్లవ్స్ ఇచ్చారు. కొనేవాళ్లు ఉంటేనే గదా మా చేతుల్ని చూసేవాళ్లు ఉంటారు. వద్దనుకుని వెళ్లిపోతే మా వేళ్లూ ఇలాగే ఉంటాయి, మందూ ఇలాగే ఉంటుంది, ఇంకెవడో అడగకుండా కొనేవాడు తింటాడు. అందుకే ఒప్పుకోమను."

దొరసాని అంతా రాసుకుంది. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. రోజూ ఇలాంటి గ్లవ్సే ఇస్తారా అని. పంతొమ్మిది మందీ ఒక్కసారే సుబ్బరాజు గారి వంక తిరిగారు.

ఆ సాయంత్రం మంగ ఇంటికి వెళ్లింది ఎలిజబెత్. మంగ గుమ్మంలోనే నిలబడి, లోపలికి రమ్మనకుండా, "ఇప్పుడెందుకొచ్చారండీ?" అంది. ఆ చూపు ఎలిజబెత్‌కి బాగా తెలుసు. కొసరు వేసిన కూరగాయలవాణ్ని తను చూసే చూపది. జరిగిందంతా చెప్పి, రేపు బస్సు దగ్గరికి రమ్మంది. మంగ తలుపు దగ్గరగా వేసింది.

శుక్రవారం తెల్లవారి గట్టు మీద పంతొమ్మిది మంది నిలబడ్డారు, ఎలిజబెత్‌తో ఇరవై. నీ నోరు పడిపోను అని మనసులో తిట్టుకుంటున్నవాళ్లు ఎంతమందో ఎలిజబెత్ చెప్పగలదు. రోజూ వచ్చే వేళ దాటింది. ఇంకో పావుగంట దాటింది. బేబీరాణి చెంగు బిగించుకుని ఇంటిదారి పట్టబోతుంటే, మలుపు దగ్గర లైట్లు కనిపించాయి. బస్సు వచ్చి ఆగింది.

డ్రైవరు ఇస్సాకు దిగి, ఎలిజబెత్ దగ్గరికి వచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఏమనుకోవద్దమ్మగారూ. మిమ్మల్ని ఎక్కించుకోవద్దన్నారు. ఆ మంగ అన్నావిడ రావొచ్చంట. ఇరవై ఉంటేనే బయల్దేరమన్నారు."

ఎలిజబెత్ తలూపింది. అందరినీ ఎక్కించింది. పంతొమ్మిది. ఇస్సాకు ఇంజను ఆపకుండా, హారను కొట్టకుండా కూర్చున్నాడు. అప్పుడు గట్టు అవతలి నుంచి మంగ వచ్చింది, టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని, తొందరేమీ లేకుండా. బస్సు మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగి, వెనక్కి వచ్చి, ఎలిజబెత్ చెయ్యి పట్టుకుని వేళ్లు తిప్పి చూసింది.

"ఉత్త కొబ్బరినూనె రాయండి పిన్నిగారూ. గూడెంలో మాకూ ఇలాగే అయ్యింది, అక్కడ నేను నోరు విప్పినందుకే పంపించేశారు. పుళ్లు మానాక రండి. మేనేజరు గారిని నేనడుగుతాను."

ఎందుకడుగుతుంది, దీనికి ఇందులో ఏం వస్తుంది అని అలవాటు కొద్దీ ఎలిజబెత్ బుర్ర వెతకబోయింది. ఏమీ దొరకలేదు. కళ్లు నిండిపోయి మంగ మొహం కూడా సరిగ్గా కనిపించలేదు. మంగ ఎక్కింది. ఇరవై.

బస్సు కదిలింది. కుడివైపు తిరిగితే భీమడోలు, ఎడమవైపు తిరిగితే పని లేని రోజు బస్సు నిలిపే డిపో. ఎలిజబెత్ గట్టు చివరిదాకా నడిచి, కొంగుతో కళ్లు తుడుచుకుని, అది కుడివైపే తిరిగిందని చూసుకున్నాక ఇంటికి వెళ్లింది.